ఎడ్జ్‌వుడ్ పాఠశాలా మండలము

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని టెక్సస్ రాష్ట్రమున, శాన్ ఆంటోనియో నగరపు పడమటి భాగమున, కొలది చదరపు మైళ్ళలో ఇమిడియున్న ప్రభుత్వ పాఠశాలా మండలము ఎడ్జ్‌వుడ్. దీని పూర్తిపేరు ఎడ్జ్‌వుడ్ ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్. విస్తీర్ణమున గాని సంపదయందు గాని ఎన్నదగినది కాకపోయినను, ఆ దేశపు విద్యా న్యాయశాస్త్రమును చదువు ప్రతి విద్యార్థికిని ఈ పేరు కంఠస్థము. పాఠశాలా మండలము తన్ను తానెట్లు పాలించుకొనును, ధనమెట్లు సమకూర్చుకొనును, ఆ ధనము పసివాని చదువుగా ఎంతవరకు పరిణమించును అను మూడు ప్రశ్నలును ఒక్కచోట ఇంత స్పష్టముగా, ఇంత బాధాకరముగా కానవచ్చు తావు మరియొకటి అరుదు.

పాఠశాలా మండల మనగా నేమి: మనకు జిల్లా యనిన కలెక్టరు కార్యాలయము స్ఫురించును, జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల యనిన, పేరునకు స్థానిక సంస్థదే యైనను, ఉపాధ్యాయుని నియామకమును జీతమును రాష్ట్ర ప్రభుత్వము చేతిలోనివి. అమెరికాలోని ‘స్కూల్ డిస్ట్రిక్ట్’ అట్టిది కాదు. మన రెవిన్యూ మండలముతో గాని జిల్లాతో గాని దానికి పోలిక లేదు. అది బడులను నడపుట కొక్కదానికే ఏర్పడిన ప్రత్యేక ప్రభుత్వము. దానికి తన సరిహద్దు కలదు, తన ఎన్నికలు కలవు, అన్నిటికిని మించి పన్ను వేయు అధికారము కలదు. టెక్సస్‌లో దాని పేరున చేరిన ‘ఇండిపెండెంట్’ అను విశేషణమునకు అర్థ మిదియే: పురపాలక సంఘమునకు గాని కౌంటీ ప్రభుత్వమునకు గాని దానిపై పెత్తనము లేదు. నగరపు ఎల్లలకును పాఠశాలా మండలపు ఎల్లలకును పొంతన యుండనక్కరలేదు. ఒక్క శాన్ ఆంటోనియో ప్రాంతముననే పదికి మించిన మండలములు కలవు. ఒకే వీధి కిరుప్రక్కల నున్న రెండిండ్ల పిల్లలు రెండు వేర్వేరు ప్రభుత్వముల బడులకు పోవుట అచట వింత కాదు. 1939–40లో దేశమంతట ఇట్టి మండలములు సుమారు 1,17,000 ఉండగా, చిన్నవానిని విలీనము చేయుటవలన నేడవి ఇంచుమించు 13,000కు తగ్గినవి.

పరిపాలనము: ఎడ్జ్‌వుడ్‌ను, టెక్సస్‌లోని అనేక మండలములవలెనే, ఏడుగురు ట్రస్టీలుగల బోర్డు పాలించును. వీరు ప్రజలచే ఎన్నుకొనబడినవారు, వేతనము లేదు. బోర్డు కూర్చుండి తీర్మానించినప్పుడే దానికి అధికారము. విడివిడిగా ఏ సభ్యునకును ఒక బంట్రోతును నియమించు హక్కైనను లేదు. బోర్డు చేయు పనులలో మిక్కిలి ముఖ్యమైనది సూపరింటెండెంటును నియమించుట. బడుల దైనందిన నిర్వహణము, ప్రధానోపాధ్యాయుల ఎంపిక, ఆదాయవ్యయ పట్టిక తయారు చేయుట అతని వంతు. పన్ను రేటును నిర్ణయించుట, ఆదాయవ్యయ పట్టిక నామోదించుట, బాండ్ల ద్వారా ఋణము తెచ్చుటకు ప్రజల సమ్మతి కోరుట బోర్డు వంతు. వీరందరిపైన రాష్ట్ర ప్రభుత్వపు టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ కలదు. స్థానిక స్వపరిపాలనము అమెరికా విద్యావ్యవస్థకు ప్రాణమని ఎంత చెప్పబడినను, న్యాయదృష్టిలో మండలము రాష్ట్రము సృష్టించిన శిశువే. రాష్ట్రము తలచినచో దాని అధికారమును వెనుకకు తీసికొనవచ్చును. ఎడ్జ్‌వుడ్‌లో అట్లే జరిగినది. ఖాళీయైన ఒక సభ్యస్థానమును పూరించుటలో సైతము ట్రస్టీలు ఏకాభిప్రాయమునకు రాజాలక పాలన స్తంభింపగా, 2016లో రాష్ట్ర విద్యా కమిషనరు వారి అధికారమును తొలగించి, తాను నియమించిన ‘బోర్డ్ ఆఫ్ మేనేజర్స్’ చేతికి మండలమును తాత్కాలికముగా నప్పగించెను. పేదల ఇండ్ల నడుమ పేదలే ఎన్నుకొన్న బోర్డు తన కలహములవలన తన స్వాతంత్ర్యమును పోగొట్టుకొనుట, ఆ స్వాతంత్ర్యమునకై ఒక తరము పడిన పాట్ల నెరిగినవారికి దుఃఖకరమైన విషయము.

స్థలమును సంపదయు: ఎడ్జ్‌వుడ్ నివాస ప్రాంతము. ఫ్యాక్టరీలు గాని పెద్ద అంగళ్ళు గాని చెప్పదగినన్ని లేవు. సమీపముననున్న కెల్లీ, లాక్‌లాండ్ వైమానిక స్థావరములలో ఇచటివా రనేకులు కూలికిని కొలువునకును పోయెడివారు. కాని ఆ భూములు కేంద్ర ప్రభుత్వమువి గావున వానిపై పన్ను వేయుట పొసగదు. టెక్సస్ బడులకు స్థానికాదాయము ఇండ్లపైనను భూములపైనను వేయు ఆస్తిపన్నే. చిన్న ఇండ్లున్నచోట, పన్ను వేయుటకు వేరు వస్తువు లేనిచోట, రాబడి యెంత? ఈ ఒక్క ప్రశ్నపైననే ఎడ్జ్‌వుడ్ చరిత్రమంతయు ఆధారపడియున్నది.

1967–68 నాటి లెక్కలు అమెరికా అత్యున్నత న్యాయస్థానపు తీర్పులోనికే ఎక్కినవి. అప్పుడు ఎడ్జ్‌వుడ్‌లో 25 బడులును సుమారు 22,000 మంది విద్యార్థులును ఉండిరి. వారిలో నూటికి 90 మంది మెక్సికన్ అమెరికనులు, ఆరుగురికి పైగా నల్లజాతివారు. విద్యార్థి తల కొక్కింటికి పన్నుకు లోబడు ఆస్తి విలువ 5,960 డాలర్లు. మధ్యస్థ కుటుంబాదాయము 4,686 డాలర్లు. రెండును ఆ నగర ప్రాంతములోనెల్ల అధమములు. ఇట్లయ్యును ఆ పేదలు తమపై తాము వేసికొనిన పన్ను రేటు 100 డాలర్ల విలువకు 1.05 డాలర్లు, అనగా ఆ ప్రాంతములోనెల్ల అత్యధికము. అంత పన్ను కట్టగా, రాష్ట్ర పథకమునకు చెల్లింపవలసిన స్థానిక వాటా పోను, మిగిలినది పిల్లవానికి 26 డాలర్లు! రాష్ట్రము 222 డాలర్లు చేర్చగా 248 అయినవి. కేంద్ర సహాయము 108 కూడగా మొత్తము 356.

అదే నగరపు ఉత్తర భాగముననున్న అలమో హైట్స్ మండలములో 6 బడులు, సుమారు 5,000 మంది విద్యార్థులు. అచట తల కొక్కింటికి ఆస్తి విలువ 49,000 డాలర్లకు మించినది. పన్ను రేటు 85 సెంట్లు మాత్రమే. అయినను స్థానిక వాటా పోను వచ్చినది 333 డాలర్లు. రాష్ట్రము 225, కేంద్రము 36, వెరసి 594. ఇందు పాఠకుడు గమనింపవలసిన విశేషమొకటి కలదు. ధనిక మండలమునకు రాష్ట్రమిచ్చిన 225 డాలర్లు పేద మండలమున కిచ్చిన 222 కంటె మూడు ఎక్కువ. సమత్వమును సాధించుటకని 1949లో గిల్మర్–ఐకిన్ శాసనములు నెలకొల్పిన కనీస పునాది పథకము, ఉన్నవారికి ఉన్నదానిపైనను మరికొంత చేర్చినట్లయినది. ధనిక మండలములు ఎక్కువ చదువుకొనిన ఉపాధ్యాయులను నియమింపగలవు. అట్టి ఉపాధ్యాయునికి జీతమధికము. ఆ జీతములో అధికభాగమును రాష్ట్రము భరించును. దోష మెవరి మనస్సులోను లేదు, లెక్క కట్టిన తీరులోనే కలదు.

వ్యాజ్యము: 1968 మే 16వ తేదీన ఎడ్జ్‌వుడ్ ఉన్నత పాఠశాల విద్యార్థులు, నాలుగు వందల మంది, తరగతులను వదలి వీథిలోనికి వచ్చిరి. శిథిలమైన గదులు, చాలని పరికరములు, అర్హత లేని ఉపాధ్యాయులు వారి ఫిర్యాదులు. వారి తల్లిదండ్రులు సమావేశమై ఆర్థర్ గాక్‌మన్ అను న్యాయవాదిని ఆశ్రయించిరి. కెల్లీ వైమానిక స్థావరమున రేకుపని చేయు డిమెట్రియో రోడ్రిగెజ్ పేరు మొదట నిలువగా ఆ వేసవిలోనే కేంద్ర న్యాయస్థానమున వ్యాజ్యము దాఖలైనది. 1971 డిసెంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము వారికి అనుకూలముగా తీర్పు చెప్పెను. రాష్ట్రము అప్పీలు చేసెను. 1973 మార్చి 21న అత్యున్నత న్యాయస్థానము అయిదుగురు నలుగురుగా చీలి ఆ తీర్పును కొట్టివేసెను.

అధిక పక్షము తరఫున తీర్పు వ్రాసినవాడు న్యాయమూర్తి ల్యూయిస్ పావెల్. ఈయన న్యాయమూర్తి కాకమునుపు రిచ్మండ్ నగరపు పాఠశాలా బోర్డునకు అధ్యక్షుడుగా నుండినవాడు. విద్య యెంత ముఖ్యమైనను అమెరికా రాజ్యాంగము స్పష్టముగా గాని గర్భితముగా గాని రక్షించు హక్కులలో చేరదనియు, స్థానికులు తమ బడులను తామే నడపుకొనవలెనను ఆశయము ఆస్తిపన్ను పద్ధతిని సమర్థించుటకు చాలుననియు ఆయన నిర్ణయించెను. భిన్నాభిప్రాయము వ్రాసినవారిలో తర్గుడ్ మార్షల్ ఒకడు. 1954లో జాతి విభజనమును కూలద్రోసిన బ్రౌన్ వ్యాజ్యమున వాదించినవా డీతడే. స్థానిక స్వాతంత్ర్యమను మాటను మరియొక భిన్నాభిప్రాయమున న్యాయమూర్తి బైరన్ వైట్ అంకెలతో తూచెను: శాన్ ఆంటోనియో నగరమున్న కౌంటీలో అత్యధిక రాబడి గల మండలముతో సమానము కావలెనన్న అలమో హైట్స్ 68 సెంట్ల రేటు వేసిన చాలును, ఎడ్జ్‌వుడ్ 5.76 డాలర్లు వేయవలెను. రాష్ట్ర శాసనము అనుమతించు గరిష్ఠ రేటు 1.50. చట్టమే నిషేధించినదానిని ఎన్నుకొను స్వేచ్ఛ మీకు కలదని పేదలకు చెప్పుట యేమి స్వేచ్ఛ? ఈ వ్యాసకర్తకు వైట్ తర్కమునకు సమాధానము ఆ తీర్పులో నెచటను కానరాదు.

ఇరువది యేండ్ల తరువాత, 1993లో, ఉన్నికృష్ణన్ – ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము వ్యాజ్యమున భారత సుప్రీంకోర్టు ఇదే ప్రశ్నకు వ్యతిరిక్తమైన సమాధానమిచ్చి, పదునాలుగేండ్ల లోపు పిల్లలకు విద్య ప్రాథమిక హక్కని ప్రకటించినది తెలుగు పాఠకులకు జ్ఞప్తియుండును. హక్కును ప్రకటించుట వేరు, దానికి ధనము కేటాయించుట వేరు అను సంగతి మనకును అనుభవైకవేద్యమే.

కేంద్ర రాజ్యాంగము ద్వారము మూయగా, ఎడ్జ్‌వుడ్ రాష్ట్ర రాజ్యాంగపు ద్వారము తట్టినది. 1876 నాటి టెక్సస్ రాజ్యాంగము, ప్రభుత్వ ఉచిత పాఠశాలల సమర్థమైన వ్యవస్థను నెలకొల్పుట శాసనసభ విధి యని శాసించుచున్నది. ఈ ‘సమర్థ’ పదము నాధారము చేసికొని 1984లో ఎడ్జ్‌వుడ్ – కర్బీ వ్యాజ్యము వేయబడినది. 1989 అక్టోబరు 2న టెక్సస్ సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులును ఏకగ్రీవముగా పేద మండలముల పక్షమున తీర్పిచ్చిరి. ఆనాటికి ఎడ్జ్‌వుడ్‌లో తల కొక్కింటికి ఆస్తి 38,854 డాలర్లు, అలమో హైట్స్‌లో 5,70,109. రాష్ట్రమున అత్యంత ధనిక మండలమునకును అత్యంత నిర్ధన మండలమునకును గల వ్యత్యాసము ఒకటికి 700 రెట్లు. నూరు పేద మండలములు సగటున 74.5 సెంట్ల పన్ను వేసి పిల్లవానికి 2,978 డాలర్లు వెచ్చింపగా, నూరు ధనిక మండలములు 47 సెంట్లతోనే 7,233 డాలర్లు వెచ్చించుచుండెను. శాన్ ఎలిజారియో అను మండలమున రసాయనశాస్త్రము లేదు, భౌతికశాస్త్రము లేదు, విదేశభాష లేదు. 1968లో ప్రాథమిక పాఠశాల బాలురైన రోడ్రిగెజ్ కుమారులు అప్పటికి బడి దాటి యెంతో కాలమైనది.

తీర్పు వెలువడినంతమాత్రమున ధనము చేరలేదు. శాసనసభ చేసిన రెండు ప్రయత్నములను న్యాయస్థానము కొట్టివేసెను; రాజ్యాంగ సవరణమును 1993 మేలో ప్రజలు తిరస్కరించిరి. ఆ నెలాఖరున వచ్చిన ఏడవ సెనేట్ బిల్లే తుదకు నిలిచినది. 1995లో న్యాయస్థానము దాని నంగీకరించెను. తల కొక్కింటికి 2,80,000 డాలర్లకు మించిన ఆస్తిగల మండలము ఆ మిగులు సంపదపై వచ్చు పన్నును ఏదో యొక మార్గమున ఇతరులతో పంచుకొనవలెనని దాని సారాంశము. జను లీ పద్ధతిని ‘రాబిన్ హుడ్’ అనిరి, అధికారికముగా దీనిని ‘రీకాప్చర్’ అందురు. అలమో హైట్స్ చెల్లించువారి జాబితాలో చేరినది.

నేటి ఆర్థిక విధానము: మండలము వేయు పన్ను రెండు పాళ్ళు. జీతములకు, దైనందిన వ్యయమునకు ఒకటి. బాండ్ల అసలు వడ్డీలకు ఒకటి. రెండవదానితో భవనములు కట్టవచ్చును గాని ఉపాధ్యాయునికి జీతమీయరాదు. కొత్త కట్టడమును చూచి మండలము సంపన్నమైనదని తలచుట తఱచుగా జరుగు పొరపాటు. ఆస్తి విలువ కట్టుట కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ పని. రాష్ట్ర సహాయమునకు మూలమైన ప్రాథమిక కేటాయింపు 2019లో తలకు 6,160 డాలర్లుగా నిర్ణయింపబడి, ధరలు వేగముగా పెరిగిన ఆరేండ్లపాటు కదలక, 2025లో 55 డాలర్లు మాత్రమే పెరిగినది.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మరియొకటి కలదు. టెక్సస్ ధనమిచ్చునది బడిలో పేరున్న పిల్లలను బట్టి గాదు, సగటున ప్రతిదినము హాజరైన పిల్లలను బట్టి. ఉబ్బసముతోనో, చెల్లెలిని కనిపెట్టుకొనుటకో, ఇల్లు మారుటవలననో మానివేసిన పిల్లవాని దినము మండలమునకు నష్టము. కాని అతని కొరకు నిలిపిన ఉపాధ్యాయుని జీతము, వెలిగించిన దీపము, నడపిన బస్సు ఆ దినమును తగ్గవు. ఇట్టి గైర్హాజరు పేదల బడులలోనే అధికమని వేరుగా చెప్పనక్కరలేదు.

డాలస్ చుట్టుపట్ల ఫ్రిస్కో, ప్లేనో, కొప్పెల్, అర్వింగ్ పట్టణములలో స్థిరపడిన తెలుగు కుటుంబములు ఇల్లు కొనుటకు ముందు విచారించునది ‘స్కూల్ డిస్ట్రిక్ట్ ఏది?’ అనియే. మంచి బడి యున్నచోట ఇంటి ధర పెరుగును. ధర పెరిగినచోట పన్ను పెరుగును. పన్ను పెరిగినచోట బడి మరింత బాగుపడును. ఎడ్జ్‌వుడ్ ఈ చక్రము వెనుకకు తిరిగినచోటు. ప్లేనో వంటి మండలము నుండి రీకాప్చర్ రూపమున పోవు సొమ్మును చూచి మనవారు బాధపడుట సహజము. ఆ సొమ్మెందులకు పోవుచున్నదో తెలిసికొనుటకు ఎడ్జ్‌వుడ్ కథ అక్కరకు వచ్చును.

విద్యార్థుల ప్రగతి: 1967–68లో ఎడ్జ్‌వుడ్‌లో 26.5 మంది పిల్లలకొక ఉపాధ్యాయుడు, అలమో హైట్స్‌లో 20.5 మందికొకడు. మరుసటి సంవత్సరము ఎడ్జ్‌వుడ్ ఉపాధ్యాయులలో నూటికి 47 మంది తాత్కాలిక అనుమతి పత్రములపై పనిచేయుచుండిరి. అలమో హైట్స్‌లో 11 మంది మాత్రమే. జీతపు శ్రేణిలో ఎడ్జ్‌వుడ్ గరిష్ఠ జీతము అలమో హైట్స్ దానిలో ఇంచుమించు నూటికి 80 వంతులు. బోధనము నేర్చినవాడు కొన్ని మైళ్ళు ముందుకు పోయి ఎక్కువ జీతము తెచ్చుకొనునేగాని ఇచట నేల నిలుచును?

దీనికితోడు భాష. ఇంట స్పానిష్ తప్ప వేరు మాట యెరుగని బిడ్డ తొలినాడే ఆంగ్లమున అక్షరములు దిద్దవలసివచ్చెను; బడిలో మాతృభాష మాటాడుట శిక్షార్హమైన కాలమది. 1969లో ఎడ్జ్‌వుడ్ సూపరింటెండెంటయిన హోసే కార్డెనాస్ ఈ విషయమును నిర్మొగమాటముగా ముందునకు తెచ్చెను. లోపము పిల్లవానియందు లేదు, అతని జీవితమునకును బడి పద్ధతికిని కుదరని పొత్తునందు కలదని ఆయన సిద్ధాంతము. 1973లో పదవి విడిచి, పాఠశాలల ధనసమత్వము కొరకే ఒక పరిశోధన సంస్థను స్థాపించి, శేషజీవితమును దాని కర్పించెను. ఆ సంవత్సరమే టెక్సస్ ద్విభాషా బోధన శాసనము చేసినది. మాతృభాషా మాధ్యమమును గూర్చి మనలో మనము వాదించుకొనునపుడు ఎడ్జ్‌వుడ్ పిల్లల తొలినాటి మౌనమును ఒకమారు తలచుకొనుట తగును.

నేడు మండల ప్రగతిని కొలుచునది స్టార్ అను రాష్ట్ర పరీక్ష. 2018 నుండి మండలములకు ‘ఎ’ మొదలు ‘ఎఫ్’ వరకు శ్రేణులు కూడ ప్రకటింపబడుచున్నవి. ఎడ్జ్‌వుడ్ విద్యార్థులలో నూటికి తొంబదిమందికి పైగా పేద కుటుంబములవారు. ఇట్టిచోట ఉత్తీర్ణత శాతము బడి చేసిన కృషిని ఎంత చెప్పునో, ఇంటి బీదరికమును అంతకంటె ఎక్కువ చెప్పును. కావున ప్రతి పిల్లవాడు నిరుటికంటె ఎంత ముందుకు సాగెనను లెక్క న్యాయతరమైనది. చిన్న మండలములకు మరియొక గణిత దోషము కలదు: నలుబదిమంది గల తరగతిలో ఇద్దరు పిల్లలు ఇల్లు మారిపోయినచో ఫలితము అయిదు శాతము వరకు మారవచ్చును. దానిని చూచి ప్రధానోపాధ్యాయుని పొగడుటయు తెగడుటయు రెండును తొందరపాటే.

ధనమునకును చదువునకును సంబంధమున్నదా యను వివాదము 1966 నాటి కోల్మన్ నివేదికనుండి సాగుచున్నది. కుటుంబ పరిస్థితులే బడి వనరులకంటె బలవత్తరములని ఆ నివేదిక సూచించినది. టెక్సస్ న్యాయవాదులును ఆ సందేహమునే వాదమునకు వాడుకొనిరి. 2016లో జాక్సన్, జాన్సన్, పెర్సికో అను ఆర్థికశాస్త్రవేత్తలు, న్యాయస్థానముల ఆజ్ఞలవలన వ్యయము పెరిగిన మండలముల పిల్లలను పెద్దవారగువరకు పరిశీలించి, పండ్రెండేండ్లపాటు వ్యయము నూటికి 10 వంతులు పెరిగినచో చదువు 0.31 సంవత్సరము అధికమగుననియు, వేతనము సుమారు 7 శాతము పెరుగుననియు, ఈ ఫలితము పేద పిల్లలలో మరింత స్పష్టమనియు కనుగొనిరి. కాని ఒక్క సంవత్సరపు పరీక్షాఫలితములో ఇది కానరాదు. పండ్రెండేండ్లు ఓపికతో ఇచ్చిన ధనమే ఫలించును.

ఎడ్జ్‌వుడ్‌కు అంత నిలకడ దక్కలేదు. 1998లో ఒక ప్రైవేటు నిధి పదేండ్లకు 5 కోట్ల డాలర్లు వాగ్దానము చేసి, ఈ మండలపు పిల్లలు ప్రైవేటు బడులకు పోవుటకు హొరైజన్ వోచరు లిచ్చెను. వందలకొలది పిల్లలు తరలిరి. తరువాత చార్టర్ బడులు వచ్చినవి, జననములు తగ్గినవి, యువకుటుంబములు నగరపు అంచులకు పోయినవి. ఒకప్పుడు 22,000కు మించిన విద్యార్థుల సంఖ్య నేడు పదివేలలోపు. ఖాళీయైన తరగతి గదికి ధనము రాదు. దానిని మూసిన, ఆ పేటలోని పిల్లవాడు మరింత దూరము నడువవలెను.

డిమెట్రియో రోడ్రిగెజ్ 2013లో మరణించెను. ఆయన కుమార్తె అదే ఎడ్జ్‌వుడ్ మండలపు బడిలో ఉపాధ్యాయురాలై, చిన్నపిల్లలకు రెండు భాషలలోను పాఠములు చెప్పినది.